సిగరెట్ యావను దాటడం ఎలా: వేప్ జోలికి పోకుండా నికోటిన్ గమ్‌తో పన్నెండు వారాలు

సిగరెట్ మానేద్దామని అనుకోగానే ఈ రోజుల్లో కుర్రాళ్లకి ముందు తట్టేది వేప్, అంటే నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్. పొగ వాసన ఉండదు, ఇంట్లో తెలియదు, జేబులో పెన్నులా ఉంటుంది. కానీ 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్‌తో, ఆ డిసెంబరులో చట్టంతో మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, పంపిణీ, నిల్వ అన్నీ నిషేధించారు. అమ్మినవాడికి మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కాబట్టి విజయవాడలోనైనా గుంటూరులోనైనా చేతిలోకి వచ్చే వేప్ ఏదైనా దొంగచాటుగా వచ్చినదే. దాని డబ్బా మీద రాసిన నికోటిన్ అంకెకి పూచీపడేవాళ్లు లేరు. బ్రిటన్‌లో ఒక మి.లీ. వేప్ ద్రవంలో నికోటిన్ 20 మి.గ్రా. మించకూడదని నియమం ఉంది. సిగరెట్ మానేవాళ్లకి సాయంగా అక్కడి ఆరోగ్య వ్యవస్థ వేప్‌ని వాడిస్తుంది కూడా. ఆ లెక్క అక్కడి సరుకుకి సరిపోతుంది. ఇక్కడ గల్లీలో దొరికే దానికి సరిపోదు.

ఇంకో సంగతి. వేప్‌కి మారినవాళ్లలో కూడా కొంతమందికి సిగరెట్ యావ పోదు. టీ గ్లాసు చేతిలోకి రాగానే మనసు సిగరెట్ వైపే లాగుతుంది. అలాంటివాళ్లకి చివరికి ఇంట్లో వేప్, బయట సిగరెట్, రెండూ మిగులుతాయి.

కాబట్టి ఇక్కడ చెప్పేది మందుల షాపులో బిల్లుతో దొరికే నికోటిన్ గమ్ గురించి. అది పనిచేస్తుంది. పనిచేయలేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది దాన్ని బబుల్‌గమ్‌లా నమిలి ఉంటారు, లేదా యావ నెత్తికెక్కాక నోట్లో వేసుకుని ఉంటారు. ఈ రెండు తప్పులు సరిదిద్దుకుంటే సగం పని అయినట్టే.

యావ ఎందుకు పుడుతుంది

సిగరెట్ పీల్చిన 10, 20 సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది. ఒక్కో సిగరెట్ నుంచి ఒంటికి పట్టేది దాదాపు 1 నుంచి 1.5 మి.గ్రా. సుమారు 2 గంటలకి రక్తంలో అది సగానికి పడిపోతుంది, మెదడు మళ్లీ అడుగుతుంది. గమ్‌లోని నికోటిన్ బుగ్గ లోపలి పొర గుండా మెల్లగా ఎక్కుతుంది. పూర్తిగా అందడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అందుకే యావ వచ్చాక గమ్ వేసుకుంటే, అది అందేలోపే మనిషి బడ్డీకొట్టు దగ్గర నిలబడి ఉంటాడు.

యావ ఎప్పుడు పడితే అప్పుడు రాదు. దానికి వేళలు, చోట్లు ఉంటాయి. ఆ వేళకి అరగంట ముందే గమ్ నోట్లో ఉండాలి. మిగతా ఏర్పాటంతా దీని చుట్టూనే.

మానే రోజుకి ముందు: మూడు రోజుల లెక్క

ముందు మానే తేదీ పెట్టుకోండి. వారం పది రోజుల్లోపు, పెళ్లిళ్లు, ఆడిట్‌లు, ఊరి ప్రయాణాలు లేని రోజు చూసుకోండి. ఆ తేదీకి ముందు మూడు రోజులు ఎప్పటిలాగే కాల్చండి, కానీ ప్రతి సిగరెట్‌కీ ఫోన్‌లో ఒక లైను రాసుకోండి: టైము, చోటు, పక్కన ఎవరు, చేతిలో ఏమిటి. వెలిగించే ముందే రాయాలి. తరవాత రాద్దామనుకుంటే సగం మర్చిపోతాం.

మూడో రోజు రాత్రి ఆ లైన్లు చదివితే మీ రోజు మీకే తెలిసిపోతుంది. ఆటోనగర్‌లో పనిచేసే మనిషికైతే అది దాదాపు ఇలా ఉంటుంది. పొద్దున 6:10కి బాత్‌రూమ్‌కి వెళ్లే ముందు ఒకటి. 8:30కి షెడ్డు తెరిచే ముందు టీతో ఒకటి. 11కి మళ్లీ టీ. భోజనం అయిన అయిదు నిమిషాల్లో ఒకటి. సాయంత్రం 4:30కి బజ్జీ, టీ, దానితో ఒకటి. కట్టేసి బండి తీసే ముందు ఒకటి. రాత్రి డాబా మీద ఒకటి. మిర్చియార్డులో పనిచేసేవాళ్లకి సీజన్‌లో ఈ వేళలు వేలంపాటల్ని బట్టి జరుగుతాయి, కాలేజీ కుర్రాళ్లకి ఇంటర్వెల్ గంటని బట్టి. ఎవరి పట్టీ వాళ్లది. ఇంకొకరి పట్టీ మీకు పనికిరాదు.

ఈ పట్టీలో రెండు రకాలు కనిపిస్తాయి. ఒంట్లో నికోటిన్ తగ్గి అడిగేవి కొన్ని: లేవగానే కాల్చేది, ప్రయాణం దిగగానే కాల్చేది. అలవాటు కొద్దీ చెయ్యి చాపేవి కొన్ని: టీ, స్నేహితుడు, ఫోన్ కాల్. మొదటి రకానికి గమ్ మందు. రెండో రకానికి గమ్‌తో పాటు చేతికీ నోటికీ ఏదో ఒక పని కావాలి.

2 మి.గ్రా.నా, 4 మి.గ్రా.నా

రోజుకి ఎన్ని కాలుస్తారన్నదాని కంటే ముందు చూడాల్సింది మొదటి సిగరెట్ ఎప్పుడన్నది. నిద్ర లేచిన 30 నిమిషాల్లోపే వెలిగిస్తే 4 మి.గ్రా. గమ్ కావాలి. ఆ తరవాతైతే 2 మి.గ్రా. సరిపోతుంది. బీడీ, చుట్ట కాల్చేవాళ్లూ ఈ లెక్కే చూసుకోవచ్చు. 2 మి.గ్రా. గమ్ చీటీ లేకుండా ఇస్తారు, 4 మి.గ్రా. గమ్‌కి డాక్టరు చీటీ కావాలి. లేవగానే కాల్చే అలవాటున్నవాళ్లు చీటీ దాకా ఎందుకులే అని 2 మి.గ్రా.తో సరిపెట్టుకుంటే రెండో రోజుకే జావగారిపోతారు. ఒక్క ఓపీ చీటీకి బద్ధకించి పన్నెండు వారాల ప్రయత్నం పోగొట్టుకోవద్దు.

ఒక గమ్, ముప్పై నిమిషాలు

కిళ్లీ, కరక్కాయ బుగ్గన పెట్టుకునే అలవాటు ఉన్నవాళ్లకి ఇది తొందరగా వస్తుంది.

గమ్ నోట్లో వేసుకుని మెల్లగా నమలండి. పదీ పదిహేను సార్లు నమిలేసరికి మిరియం కొరికినట్టు ఘాటు తగులుతుంది, లేదా నాలుక అంచు చుర్రుమంటుంది. అక్కడ ఆపేయాలి. గమ్‌ని బుగ్గకీ చిగురుకీ మధ్య దోపి వదిలేయండి. నిమిషం, నిమిషంన్నరలో ఆ ఘాటు తగ్గుతుంది. అప్పుడు మళ్లీ నాలుగైదు సార్లు నమలండి, ఘాటు రాగానే ఈసారి రెండో బుగ్గన పెట్టండి. ఇలా అరగంట. చివరికి ఎంత నమిలినా ఘాటు రాదు. అప్పుడు కాగితంలో చుట్టి, పిల్లలకీ కుక్కలకీ అందని చోట పారేయండి.

ఆపకుండా నమిలితే నికోటిన్ అంతా ఉమ్మిలో కలిసి కడుపులోకి పోతుంది. అక్కడినుంచి అది మెదడుకి సరిగ్గా అందదు, యావా తగ్గదు. పైగా ఎక్కిళ్లు, గుండెల్లో మంట, వికారం. గమ్ వేసుకోగానే ఎక్కిళ్లు వస్తున్నాయంటే మీరు తొందరగా నములుతున్నట్టే లెక్క. దవడ నొప్పి పుట్టినా కారణం అదే. కట్టుడు పళ్లున్నవాళ్లకి, దవడ కీలు నొప్పి ఉన్నవాళ్లకి గమ్ ఇబ్బంది. వాళ్లకి చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ మేలు.

ఇక టీ, కాఫీల సంగతి. మన దగ్గర గమ్ దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. నికోటిన్ బుగ్గ గుండా ఎక్కాలంటే నోట్లో పులుపు ఉండకూడదు. కాఫీ, కూల్‌డ్రింక్, నిమ్మసోడా, పళ్లరసం, మజ్జిగ, ఉసిరి ముక్క, ఇవన్నీ నోటిని పుల్లబరుస్తాయి. టీని కూడా ఈ జాబితాలోనే వేసుకోండి. గమ్‌కి 15 నిమిషాల ముందు నుంచీ, గమ్ నోట్లో ఉన్నంతసేపూ మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. పుల్లటిది తాగేసి ఉంటే నోరు పుక్కిలించి పావుగంట ఆగండి.

మరి 11 గంటల టీకి యావ వస్తుంది, టీతో గమ్ కుదరదు, ఎలా? 10:15కి గమ్ వేసుకోండి. 10:45కి అయిపోతుంది. 11కి టీ తాగేటప్పటికి ఒంట్లో నికోటిన్ నిండుగా ఉంటుంది. టీ తాగుతున్నప్పుడు మిగిలేది చేతి అలవాటు ఒక్కటే, దాని సంగతి కింద ఉంది. భోజనానికీ ఇదే పద్ధతి: అన్నానికి ముందు ఒకటి, తిని నోరు కడుక్కున్న పావుగంటకి ఇంకొకటి.

రోజుకి ఎన్ని, ఎన్నాళ్లు

మొదటి 6 వారాలు గంట, రెండు గంటలకి ఒకటి. అంటే రోజుకి కనీసం 9 పడాలి. 7 నుంచి 9 వారాల దాకా రెండు, నాలుగు గంటలకి ఒకటి. 10 నుంచి 12 వారాల దాకా నాలుగు, ఎనిమిది గంటలకి ఒకటి. ఏ రోజైనా 24 దాటకూడదు. ఒకేసారి రెండు వేసుకోకూడదు, ఒకటి అవగానే వెంటనే ఇంకొకటి వేసుకోకూడదు.

రోజుకి పది సిగరెట్లు కాల్చిన మనిషి మూడు గమ్‌లతో నెట్టుకొద్దామని చూడటం మామూలే. గమ్ కూడా నికోటినే కదా, ఎంత తక్కువ తీసుకుంటే అంత మంచిదని భయం. ఊపిరితిత్తుల్ని, గుండెని పాడుచేసేది ముఖ్యంగా పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్, వేల రకాల రసాయనాలు. గమ్‌లో అవేవీ లేవు. మొదటి ఆరు వారాలూ గమ్ దగ్గర పిసినారితనం చూపిస్తే ఆ లోటు సిగరెట్ తీరుస్తుంది.

మొదటి మూడు రోజులు

రెండో రోజు, మూడో రోజు అన్నిటికంటే కష్టం. చిరాకు, చిన్నదానికే కోపం, పని మీద దృష్టి నిలవకపోవడం, ఆకలి, రాత్రి మెలకువ. రెండు నుంచి నాలుగు వారాల్లో ఇవి సద్దుమణుగుతాయి. ఇంట్లో ముందే చెప్పి ఉంచండి: "వారం రోజులు నేను కసురుకుంటే మనసులో పెట్టుకోవద్దు" అని. ఆ ఒక్క మాటతో ఇంట్లో చాలా గొడవలు తప్పుతాయి.

ఒక్కో యావ పొంగు నిలిచేది మూడు నుంచి అయిదు నిమిషాలు. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్ల పైచిలుకు. మామూలు నడకన ఈ చివర బయల్దేరితే అయిదు నిమిషాలకి మూడో వంతు దాటుతారు. ఆపాటికి ఆ పొంగు దిగిపోయి ఉంటుంది. గుంటూరులో అయితే బ్రాడీపేటలో ఒక లైను మొదలునుంచి చివరికి వెళ్లి రండి. చోటు మారడం ముఖ్యం. కుర్చీలో కూర్చుని పళ్లు బిగపట్టుకుంటే అయిదు నిమిషాలు గంటలా సాగుతాయి.

నడవలేని చోట ఊపిరి పని చెప్పండి: ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ లోపలికి, నోటితో ఆరు లెక్కపెడుతూ బయటికి, పది సార్లు. సిగరెట్ కాల్చేటప్పుడు మనిషి దీర్ఘంగా పీల్చి వదులుతాడు. ఆ ఊరటలో కొంత పొగది, కొంత ఆ ఊపిరిది.

టీ, కాఫీ సగానికి తగ్గించండి

ఇది చాలామందికి తెలియదు. పొగలోని కొన్ని రసాయనాలు కాలేయంలో కెఫీన్‌ని తొందరగా విరిచేలా చేస్తాయి. పొగ ఆగిపోగానే ఆ వేగం పడిపోతుంది. రోజూ తాగే ఆరు టీలే ఇప్పుడు ఒంట్లో ఎక్కువసేపు నిలిచి గుండె దడ, చేతి వణుకు, నిద్రలేమి తెస్తాయి. మనిషి అది సిగరెట్ లేకపోవడం వల్లనే అనుకుని మళ్లీ వెలిగిస్తాడు. మానిన రోజు నుంచే టీ, కాఫీ సగానికి తగ్గించి, సాయంత్రం అయిదు తరవాత మానేస్తే రాత్రి నిద్ర నిలుస్తుంది.

ఉబ్బసానికి (ఆస్తమాకి) థియోఫిలిన్ ఉన్న మాత్రలు వాడేవాళ్లకి కూడా ఇదే జరుగుతుంది: మాత్ర అదే, ఒంట్లో మోతాదు పెరుగుతుంది. మానసిక జబ్బులకి క్లోజపిన్, ఒలాంజపిన్ మాత్రలు వాడేవాళ్లకీ అంతే. మానే తేదీ డాక్టరుకి ముందుగా చెప్పాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మొదటి వారాల్లో షుగర్ ఎక్కువసార్లు చూసుకోవాలి, పడిపోయే అవకాశం ఉంది.

చేతికీ నోటికీ పని

గమ్ నోట్లో లేనప్పుడు సోంపు, లవంగం, యాలక్కాయ, దాల్చినచెక్క ముక్క దగ్గర ఉంచుకోండి. వేప్ అలవాటైనవాళ్లు వెతికేది గొంతులో ఆ గరగరని. లవంగం చప్పరించినా, చిన్న పచ్చి అల్లం ముక్క కొరికినా గొంతుకి ఆ ఘాటు కొంత అందుతుంది. దాల్చినచెక్క పుల్ల రెండు వేళ్ల మధ్య సిగరెట్ లావున నిలుస్తుంది, చేతికి అదో ఆసరా.

వక్కపొడి మాత్రం వద్దు. పొగాకు కలవని ఉత్త వక్క కూడా నోటి క్యాన్సర్ తెస్తుంది. ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ సంగతి చెప్పనే అక్కర్లేదు. సిగరెట్ వదిలి వాటికి చిక్కినవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు.

టీ తాగే కొట్టు మార్చండి. కనీసం మూడు వారాలు. పాత కొట్టతను మిమ్మల్ని చూడగానే అడక్కుండానే టీతో పాటు సిగరెట్ తీసి గల్లాపెట్టె మీద పెడతాడు. అతను పెట్టాక కాదనడం కష్టం. పెట్టే అవకాశమే లేకుండా చూసుకోవడం తేలిక. కొట్టు మార్చలేకపోతే మానే తేదీకి ముందురోజే అతనితో చెప్పండి: "రేపటినించి నేనడిగినా ఇవ్వొద్దు బాబాయ్." ఖాతా ఉంటే ఆ రోజే కట్టేయండి.

మందు పార్టీలు కూడా నెల రోజులు ఆపాలి. రెండో పెగ్గు దగ్గర ఏ నిశ్చయమూ నిలబడదు.

పొద్దున బాత్‌రూమ్ సిగరెట్

దీని గురించి డాక్టరు దగ్గర నోరు విప్పడానికి సిగ్గుపడతారు గానీ, చాలామంది మళ్లీ మొదలుపెట్టేది ఇందుకే. నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది. అది ఆగితే కొన్నాళ్లు మలబద్ధకం ఉంటుంది. మానడానికి వారం ముందు నుంచే రాత్రి రెండు జామకాయలు, లేదా నానబెట్టిన ఎండుద్రాక్ష గుప్పెడు, ఆకుకూర పప్పు ఎక్కువ తినండి. పొద్దున లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు తాగి గమ్ వేసుకుని పదిహేను నిమిషాలు అటూ ఇటూ నడవండి. మూడు రోజులు దాటినా కదలిక లేకపోతే మందుల షాపులో ఇసబ్‌గోల్ తీసుకుని రాత్రి ఒక చెంచా పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోండి. రెండు మూడు వారాల్లో పేగులు దారికి వస్తాయి.

ప్యాచ్: మన ఎండల్లో

ఎక్కువ కాల్చేవాళ్లకి ప్యాచ్, దానిమీద అవసరానికి గమ్, రెండూ కలిపి వాడితే ఒక్కదానికంటే బాగా పనిచేస్తాయి. డాక్టరు సలహాతో వాడాలి. 24 గంటల ప్యాచ్‌లు 21, 14, 7 మి.గ్రా.ల్లో వస్తాయి. రోజుకి పదికి మించి కాల్చేవాళ్లకి మామూలుగా 21తో 6 వారాలు, 14తో 2 వారాలు, 7తో 2 వారాలు.

బెజవాడ ఎండల్లో వచ్చే ఇబ్బంది చెమట. స్నానం అయ్యాక ఒళ్లు పూర్తిగా ఆరనిచ్చి, కొబ్బరినూనె, పౌడరు రాయకుండా, వెంట్రుకలు లేని చోట, జబ్బ పైభాగానో నడుము పక్కనో అంటించి, అరచేత్తో పది సెకన్లు అదిమి పట్టండి. అంచులు గట్టిగా నొక్కండి, ఊడేది అంచుల నుంచే. రోజూ చోటు మార్చాలి. ఒకచోట పెట్టాక వారం దాకా మళ్లీ అక్కడ పెట్టకూడదు, లేకపోతే దద్దురు లేస్తుంది. ప్యాచ్ మీద నేరుగా ఎండ, వేడి తగలనివ్వొద్దు. వేడికి నికోటిన్ ఎక్కువగా ఒంట్లోకి దిగి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. అలా జరిగితే తీసేసి నీళ్లతో కడగండి. రాత్రిళ్లు పిచ్చి కలలు వస్తుంటే పడుకునే ముందు తీసేసి పొద్దున కొత్తది వేసుకోవచ్చు.

ముందు డాక్టరుని కలవాల్సినవాళ్లు

ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, గుండె లయ తప్పేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లు నిండనివాళ్లు, కడుపులో పుండ్లున్నవాళ్లు సొంతంగా గమ్ మొదలుపెట్టకూడదు. గమ్, ప్యాచ్‌తో కూడా కుదరకపోతే వరెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలున్నాయి. చీటీతోనే వాడాలి. మూర్ఛ ఉన్నవాళ్లకి బుప్రోపియాన్ ఇవ్వరు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో ఛాతీ వైద్యం ఓపీలో గానీ మానసిక వైద్యం ఓపీలో గానీ అడగండి. ఫోన్‌లో మాట్లాడాలంటే సిగరెట్ ప్యాకెట్టు మీదే అచ్చేసిన 1800-11-2356కి చేయండి, డబ్బులు పడవు. మానాక రెండు వారాలు దాటినా మనసు కుంగిపోయే ఉంటే ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఒకటి కాల్చేస్తే

జారడం మామూలే. ఒకటి కాల్చినందుకు ప్యాకెట్టు కొననక్కర్లేదు, మళ్లీ కొత్త తేదీ పెట్టనక్కర్లేదు. చేతిలో ఉన్నది పారేసి, ఫోన్‌లో పాత పట్టీ తెరిచి రాయండి: టైము, చోటు, ఎవరు, ఏం జరిగింది, అంతకుముందు గమ్ ఎప్పుడు వేసుకున్నారు. చాలాసార్లు ఆ చివరి ప్రశ్న దగ్గరే జవాబు దొరుకుతుంది: మూడు గంటలుగా నోట్లో ఏమీ లేదు. రేపు అదే వేళకి అరగంట ముందు ఫోన్‌లో అలారం పెట్టండి.

"మానను గానీ రెండుకి తగ్గిస్తాను" అనే దారి ఎక్కువకాలం నిలవదు. తగ్గించినవాడు ఆ రెండిటినీ దమ్ము పట్టి ఫిల్టరు దాకా లాగుతాడు, నికోటిన్ లోటు అలా పూడ్చుకుంటాడు. ఇప్పటికే వేప్, సిగరెట్ రెండూ వాడుతున్నవాళ్లు రెండిటికీ ఒకటే తేదీ పెట్టుకోవాలి. నిద్ర లేచాక ఏది ముందు నోట్లో పెడతారో దాని టైము చూసుకుని గమ్ మోతాదు ఎంచుకోండి.

చివరి వారాలు

పదో వారానికి గమ్ ఉన్న సంగతే కొన్ని రోజులు మర్చిపోతుంటారు. అప్పుడు ఒక గమ్‌ని బ్లేడుతో రెండు ముక్కలు చేసి సగం వాడొచ్చు, లేదా ఒకసారి గమ్, ఒకసారి సోంపు. పన్నెండో వారం తరవాత కూడా రోజుకి ఒకటో రెండో కావాలనిపిస్తే డాక్టరుతో మాట్లాడి ఇంకొన్నాళ్లు కొనసాగించండి. గడువు అయిందని ఆపేసి సిగరెట్ ముట్టుకోవడం కంటే అది ఎంతో నయం. ఆ తరవాత కూడా ఆరు నెలల పాటు స్ట్రిప్‌లో రెండు గమ్‌లు పర్సులో ఉంచుకోండి. పెళ్లి భోజనాల తరవాత, చావు కబురు విన్నప్పుడు, పాత స్నేహితుడు పాత కొట్టు దగ్గర తగిలినప్పుడు అవి అక్కరకొస్తాయి.